పేదల పేటలలో ఆటస్థలాలు: అడగడానికి కావలసిన శిక్షణ

పట్టణాలలోని పేదల ఆరోగ్యాన్ని గూర్చి చర్చ జరిగినప్పుడు మంచినీరు, మురుగు కాలువ, మందులు, ఆసుపత్రి అనే వరుసలో ప్రస్తావనలు వస్తాయి. పిల్లలు ఆడుకోవడానికి చోటు, వృద్ధులు నడవడానికి బాట, స్త్రీలు భయం లేకుండా తిరగడానికి వెలుతురు అనేవి ఆ వరుస చివర ఉంటాయి. చాలా సమావేశాలలో అంతదాకా రాకముందే కాలం ముగుస్తుంది. రాజ్యాంగం మాత్రం ఈ విషయాన్ని అంత దూరంగా ఉంచలేదు. 1992లో పార్లమెంటు ఆమోదించిన 74వ సవరణ ద్వారా చేర్చబడిన 12వ షెడ్యూలులో మురికివాడల అభివృద్ధి 10వ అంశం. ఉద్యానవనాలు, తోటలు, ఆటస్థలాల వంటి పట్టణ సౌకర్యాలు 12వ అంశం. ఈ రెండింటి నడుమ ఉన్నది పట్టణ పేదరిక నిర్మూలన. కాగితం మీద ఒకే ఒక్క పంక్తి ఎడం గల ఈ విషయాలు నేల మీదికి వచ్చేసరికి ఎందుకు కలుసుకోవడం లేదన్నది ఆలోచించవలసిన ప్రశ్న.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సవరించిన సూచనల ప్రకారం పెద్దవారికి వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థాయి శారీరక వ్యాయామం, 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల ఆటపాటలు అవసరం. 2024లో వెలువడిన అంతర్జాతీయ పరిశీలన ఒకటి 2022 నాటికి భారతదేశపు వయోజనులలో దాదాపు సగంమంది ఈ పాటి కదలికకు కూడా నోచుకోవడం లేదని అంచనా వేసింది. స్త్రీలలో ఇది 57 శాతం, పురుషులలో 42 శాతం. దేశంలో మధుమేహ రోగుల సంఖ్య 10 కోట్లు దాటినదని భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యాన జరిగిన అధ్యయనం 2023లో వెల్లడించింది. ఈ రెండు అంకెలకు సంబంధం లేదనగల వైద్యుడు ఉండడు.

ఇక్కడ ఒక ఆక్షేపణ తరచుగా వినవస్తుంది. రోజంతా ఒళ్ళు వంచి పనిచేసే కూలివారికి వ్యాయామం దేనికి, అది తిని కూర్చునేవారి బాధ కదా అని. మొదట, బస్తీలోని వారందరూ బరువులు మోసేవారు కారు. బీడీలు చుట్టే స్త్రీ, జరీ పనివారు, కుట్టుమిషను ముందు కూర్చునే యువతి, ఆటో నడిపే యువకుడు రోజుకు పది పన్నెండు గంటలు ఒకే భంగిమలో గడుపుతారు. రెండవది, తీరిక వేళ ఇష్టపూర్వకంగా చేసే వ్యాయామం గుండెకు మేలు చేస్తుందనడానికి ఉన్నంత బలమైన ఆధారం, యజమాని చెప్పినంతసేపు ఇటుకలు మోయడం అదే మేలు చేస్తుందనడానికి లేదు. అన్నింటికంటె ముఖ్యంగా, ఆ కూలివాని బిడ్డకు ఆట కావాలి. దానికి తండ్రి శ్రమ బదులు కాజాలదు.

పటంలో లేని మైదానం

కేంద్ర పట్టణాభివృద్ధి మంత్రిత్వ శాఖ 2014లో ప్రకటించిన ప్రణాళికా సూత్రాలు పట్టణవాసి ఒక్కొక్కరికి 10 నుంచి 12 చదరపు మీటర్ల బహిరంగ స్థలం ఉండాలని సూచించాయి. బొంబాయి మహానగరంలో ఇది రెండు చదరపు మీటర్లకు కూడా చేరదు. అదైనా సగటు లెక్క. సముద్ర తీరాన నడక బాట ఉన్న పేటనూ, రైలు పట్టాల పక్కన ఉన్న బస్తీనీ కలిపి భాగించగా వచ్చిన అంకె అది.

ఈ అసమానతకు మూలం చాలా సాధారణమైనది. అనుమతి పొందిన లే అవుట్‌లో కొంత భాగాన్ని ప్రజల ఉపయోగానికి ఖాళీగా విడవాలన్న నిబంధన ఉంటుంది. అనుమతి లేకుండా, అవసరం కొద్దీ, ఒక్కొక్క గుడిసెగా పెరిగిన బస్తీకి లే అవుట్ ఉండదు. కనుక విడిచిపెట్టిన స్థలమూ ఉండదు. పిల్లలు ఆడే చోటు ఏ పోరంబోకు భూమియో, ఎండిన కుంట అడుగో, గుడి ముందరి ఖాళీయో అయి ఉంటుంది. దానికి కాగితం లేదు. ఒకనాటి ఉదయం అక్కడ పంపుహౌసుకు పునాది తవ్వితే, అది ఆటస్థలమని రుజువు చేయడానికి చేతిలో ఆధారం ఏదీ ఉండదు.

కాగితం ఉంటే కలిగే బలం ఎంతటిదో బెంగుళూరు రాజమహల్ విలాస్ ఎక్స్‌టెన్షన్ వ్యవహారం చూపింది. అక్కడ పార్కు కొరకు కేటాయించిన స్థలాన్ని ఒక ప్రైవేటు వైద్య ట్రస్టుకు నర్సింగ్ హోం నిమిత్తం ఇచ్చారు. స్థానికులు కోర్టుకు వెళ్ళారు. 1991లో సుప్రీంకోర్టు వారి పక్షాన తీర్పునిస్తూ, ప్రజల కొరకు ఉద్దేశించిన బహిరంగ స్థలాన్ని రక్షించమని కోరే హక్కు ఆ పేట నివాసులకు ఉన్నదని స్పష్టం చేసింది. తీర్పు అందరికీ వర్తించేదే. అయితే ఆ నివాసులకు చేతిలో పట్టుకొని చూపడానికి ఆమోదం పొందిన పటం ఒకటి ఉన్నది. బస్తీవాసులు అదే న్యాయాన్ని కోరవలెనంటే ముందు పటం తయారు చేసుకోవడం నేర్చుకోవాలి. శిక్షణ అనే మాటకు ఇక్కడ అర్థం అదే. కసరత్తు నేర్పడం కాదు; స్థలాన్ని చూడడం, కొలవడం, ఎవరిని ఏమని అడగాలో తెలుసుకోవడం, సాధించినదాన్ని నిలుపుకోవడం.

ఇదివరకటి ప్రయత్నాలు

ఇది పూర్తిగా కొత్త విద్య కాదు. 1958లో ఢిల్లీలోను, తరువాత 1967లో హైదరాబాదులోను ప్రారంభమైన పట్టణ సమాజాభివృద్ధి పథకాలు బస్తీవాసుల చేతనే బస్తీ సమస్యలను చర్చింపజేసే పద్ధతిని అలవాటు చేశాయి. హైదరాబాదు పథకం బాలవాడులకు, కుట్టు శిక్షణకు, ఇళ్ళ నిర్మాణానికి పేరు పొందింది. 1985లో బొంబాయి కాలిబాటలపై నివసించేవారి కుటుంబాలను లెక్కించిన స్పార్క్ సంస్థ మరొక పాఠం నేర్పింది. తమను తాము లెక్కించుకున్నవారిని అధికారులు లేరని అనలేరన్నదే ఆ పాఠం.

కలకత్తాలోని ఋషి అరవిందో కాలనీ పిల్లలు ఈ పాఠాన్ని ఇంకొంత ముందుకు తీసుకుపోయారు. అమ్లాన్ గంగూలీ స్థాపించిన ప్రయాసం సంస్థ వద్ద శిక్షణ పొందిన ఆ బాలబాలికలు ఏ పటంలోను కనిపించని తమ కాలనీకి ఇల్లిల్లూ తిరిగి పటం గీశారు. ఆ పటం మొదట పోలియో చుక్కలు అందని పిల్లలను గుర్తించడానికి పనికివచ్చింది. చెత్త కుప్పగా ఉన్న చోటును ఆటస్థలం చేయాలన్న కోరిక కూడా ఆ పిల్లలదే. వీరి కృషిపై తీసిన డాక్యుమెంటరీ చిత్రం 2013లో విడుదలయింది.

ఢిల్లీలో జాగోరి సంస్థ స్త్రీల భద్రతా పరిశీలన నడకలను ప్రవేశపెట్టింది. ఈ పద్ధతి 1989లో కెనడాలోని టొరంటో నగరంలో పుట్టింది. బవానా, భలస్వా పునరావాస కాలనీలలోని స్త్రీలు దీపం లేని మలుపులను, తలుపు లేని మరుగుదొడ్లను, మగవారు గుమిగూడే మూలలను నడుస్తూ గుర్తించి, నగరపాలక అధికారుల ముందుంచారు. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 'అవర్ వాయిస్' అనే పేరుతో ఇదే మార్గాన్ని అనుసరించారు. అల్పాదాయ పేటలలోని నివాసులు చేత ఒక చిన్న పరికరం పట్టుకొని, నడకకు అనుకూలమైనవాటినీ ఆటంకమైనవాటినీ ఫోటో తీసి, తమ మాటలలోనే కారణం చెబుతారు. పిమ్మట అందరూ కూర్చుండి ముఖ్యమైనవాటిని ఎంచుకొని అధికారులను కలుస్తారు. పరికరం కంటె ఆ కూర్చుని ఎంచుకోవడమే అసలు పని.

నడక, కొలత

శిక్షణ తరగతి గదిలో కాక వీధిలో మొదలుకావాలి. మంచి పద్ధతి ఏమంటే స్త్రీలు, వృద్ధులు, పిల్లలు, యువకులు నాలుగు జట్లుగా వేర్వేరుగా నడవడం. అందరినీ కలిపి నడిపిస్తే ముందు నడిచే పెద్దమనిషి చూసిందే అందరూ చూసినట్లు నమోదవుతుంది. వేర్వేరుగా నడిచినవారి పటాలను ఒకదానిపై ఒకటి ఉంచి చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. యువకుల పటంలో క్రికెట్ మైదానంగా ఉన్న చోటు ఆడపిల్లల పటంలో తప్పుకొని పోవలసిన దారిగా ఉండవచ్చు. వృద్ధురాలికి మైదానం కంటె మధ్యలో కూర్చోవడానికి ఒక అరుగు ముఖ్యం. ఒకే దారిని తెల్లవారుజామున, మిట్టమధ్యాహ్నం, దీపాలు పెట్టే వేళ చూడాలి. పగటి నడకలో వీధి దీపపు స్తంభం కనిపిస్తుంది. అది వెలుగుతుందా లేదా అన్నది రాత్రి నడకలో తెలుస్తుంది.

కొలత లేని ఫిర్యాదు నిట్టూర్పుతో సమానం. కాలిబాట ఇరుకుగా ఉన్నదని వ్రాస్తే ఇంజనీరు ఫైలులో అది ఒక అభిప్రాయం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లో ప్రచురించిన మార్గదర్శకాల ప్రకారం పాదచారికి ఆటంకం లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి. గట్టు ఎత్తు 150 మిల్లీమీటర్లు మించరాదు. ఈ రెండు అంకెలు తెలిసిన బస్తీవాసికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు. 1.8 మీటర్లకు కోసిన వెదురు కర్ర, జానెడు కంటె తక్కువ పొడవుగల గుర్తుకొయ్య చాలు. కర్ర అడ్డంగా పట్టని చోటల్లా పటం మీద ఒక ఎర్ర చుక్క పడుతుంది. చదువు రానివారు కూడా ఈ జట్టులో సమానులుగా పనిచేయగలగడం ఈ పద్ధతిలోని గొప్ప సుగుణం.

కాగితం పట్టుకోవడం

పటం తరువాత పత్రం. ఆడుకునే స్థలం ఎవరిది? రెవెన్యూ శాఖదా, నగరపాలక సంస్థదా, వక్ఫ్ బోర్డుదా, దేవాదాయ శాఖదా, రైల్వేదా? సర్వే నంబరు తెలుసుకోకుండా వ్రాసిన అర్జీ ఒక కార్యాలయం నుంచి మరొక కార్యాలయానికి తిరుగుతూనే ఉంటుంది. 2005 నాటి సమాచార హక్కు చట్టం ఇక్కడ ఉపయోగపడుతుంది. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారు రుజువు చూపితే రుసుము చెల్లించనవసరం లేదు. 30 రోజులలో జవాబు రావాలి. రాకపోతే అటుపై 30 రోజులలోగా మొదటి అప్పీలు చేసుకోవచ్చు. అయితే ప్రశ్న వేయడంలో మెళకువ కావాలి. 'మా బస్తీకి పార్కు ఎందుకు ఇవ్వలేదు?' అనేది సమాచారం కోరే ప్రశ్న కాదు. దానికి జవాబు రాదు. 'ఫలానా సర్వే నంబరు భూమి బృహత్ ప్రణాళికలో ఏ వినియోగానికి చూపబడినదో ఆ పటం నకలు ఇప్పించగలరు', 'గత మూడు సంవత్సరాలలో ఈ వార్డులో పార్కులకు, కాలిబాటలకు మంజూరైన పనుల జాబితా, ఖర్చు వివరాలు ఇప్పించగలరు' అని వ్రాస్తే జవాబు ఇవ్వక తప్పదు. శిక్షణలో ఇటువంటి అర్జీలు ప్రతివారి చేతా స్వయంగా వ్రాయించాలి. వ్రాసి ఇచ్చే నాయకుడి మీద ఆధారపడిన బస్తీ, ఆ నాయకుడు పార్టీ మారిన నాడు మూగబోతుంది.

కొత్త భూమి దొరకని చోట ఉన్నదానినే తెరిపించడం అన్నింటికంటె చవకైన మార్గం. 2009 నాటి విద్యాహక్కు చట్టం పాఠశాలకు ఆటస్థలం ఉండాలని విధించింది. బడి ముగిసిన తరువాత, సెలవు దినాలలో ఆ ఆటస్థలం తలుపు ఎందుకు మూసి ఉండాలి? కాపలా ఎవరిది, దెబ్బతిన్నవాటికి బాధ్యత ఎవరిది అన్న రెండు ప్రశ్నలకు బస్తీ సంఘం ముందుగానే జవాబు సిద్ధం చేసుకొని పోతే ప్రధానోపాధ్యాయుడు కాదనడానికి కారణాలు తగ్గుతాయి.

వేళ కూడా తెలియాలి. ఏప్రిల్‌లో మొదలయ్యే బడ్జెట్టు కొరకు మార్చిలో అర్జీ పెట్టినవారికి వచ్చే సంవత్సరం చూద్దామన్న జవాబే దొరుకుతుంది. పూనా నగరపాలక సంస్థ 2006 నుంచి పౌరుల సూచనలను బడ్జెట్టు తయారీ దశలోనే స్వీకరించే పద్ధతిని ప్రవేశపెట్టింది. అటువంటి ఏర్పాటు లేని పట్టణాలలో కూడా ఆ నెలలలోనే కార్పొరేటరును కలవడం మంచిది. తెలంగాణ పురపాలక చట్టం (2019) ప్రకారం వార్డులలో యువకులకు, స్త్రీలకు, వయోవృద్ధులకు, ప్రముఖ పౌరులకు వేర్వేరు కమిటీలు ఏర్పడాలి. 3 లక్షలు, అంతకు పైబడిన జనాభా గల పట్టణాలలో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగంలోని 243-ఎస్ అధికరణమే చెబుతున్నది. అవి పేరుకు మాత్రమే ఉన్న చోట వాటిని సమావేశపరచమని అడగడమే మొదటి కోరిక కావచ్చు.

మాట్లాడడం కూడా అభ్యాసం చేయవలసిన విషయమే. శిక్షణలో ఒక స్త్రీ అసిస్టెంట్ ఇంజనీరుగాను, మరొకరు అర్జీదారుగాను నటిస్తారు. 'స్థలం మాది కాదమ్మా, రెవెన్యూ వాళ్ళది' అని ఇంజనీరు అంటే, 'రెవెన్యూ వారు మీకు అప్పగించిన ఉత్తర్వు నకలు ఇదిగోనండి సార్' అని కాగితం తీసి చూపడం. 'నిధులు లేవు' అంటే, 'ఈ పద్దు క్రింద పోయినేడు ఖర్చు కాని మొత్తం ఇంత ఉన్నదని మీ కార్యాలయమే తెలిపిందండి' అనడం. మొదటిసారి ఈ మాటలు అనేవారి గొంతు వణుకుతుంది. నాలుగవసారికి వణకదు. పది కోరికల జాబితాతో వెళ్ళినవారికి ఒకటీ దక్కకపోవడం తరచు కనిపించేదే. ఒక కోరిక, ఒక పటం, మూడు నిమిషాల మాట చాలు.

బస్తీ లోపలి తగవులు

బయటి అధికారిని ఒప్పించడం కంటె లోపలివారిని ఒప్పించడం కష్టం. కాలిబాట విశాలం కావాలన్న కోరిక బండి మీద కూరగాయలు అమ్ముకునే అక్కచెల్లెళ్ళ పొట్ట కొట్టరాదు. వారు కూడా ఆ బస్తీవారే. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ వ్యాపార కమిటీలో కనీసం 40 శాతం సభ్యులు ఆ వ్యాపారులే ఉండాలి. నడక బాట గూర్చి కదిలే జట్టు మొదట వారితో కూర్చుండి, బండ్లకు ఎంత, నడకకు ఎంత అన్నది నేల మీద గీత గీసి తేల్చుకోవాలి. ఈ పని విస్మరించిన చోట బాట బాగుపడి బ్రతుకులు చెదిరిన ఉదాహరణలు కొరవ కావు.

రెండవ తగవు ఆడపిల్లలది. పన్నెండేళ్ళు నిండగానే బాలిక ఆట మానుకోవడం చాలా ఇళ్ళలో ఎవరూ చెప్పనక్కరలేని నియమం. థానే నగరపాలక పరిధిలోని ముంబ్రా ఈ విషయంలో పేర్కొనదగినది. 1992-93 బొంబాయి అల్లర్ల తరువాత అనేక ముస్లిం కుటుంబాలు ఆశ్రయం పొందిన పట్టణమది. అక్కడ పర్చమ్ అనే సంస్థ చేరదీసిన బాలికలు 2012 ప్రాంతంలో ఫుట్‌బాల్ ఆడసాగారు. మైదానాలన్నీ మగపిల్లల వశంలో ఉండడంతో వారు సంతకాలు సేకరించి, ప్రజాప్రతినిధులను కలిసి, తమకొక చోటు కావాలని కోరి సాధించుకున్నారు. వివిధ మతాల బాలికలు ఒకే జట్టులో ఆడారు. సమైక్యతను గూర్చి ఉపన్యాసాలు విన్న పిల్లల కంటె ఒకరికొకరు బంతి అందించుకున్న పిల్లలకు అది త్వరగా అర్థమవుతుంది. అన్ని చోట్లా ప్రత్యేక మైదానం దొరకకపోవచ్చు. సాయంకాలం ఒక గంట బాలికలదని బస్తీ సంఘం తీర్మానించి, ఆ గంట వారితోపాటు ఇద్దరు తల్లులు అక్కడ కూర్చునే ఏర్పాటు చేసినా ప్రారంభం జరుగుతుంది.

మూడవది తగవు కాదు, ప్రమాదం. పటం రెండంచుల కత్తి. ఏ ఇల్లు ఏ హద్దు దాటి ఉన్నదో చూపే పటం ఆటస్థలం అడగడానికి బదులు ఇళ్ళు తొలగించడానికి ఆధారం కాగలదు. అందువలన ఇళ్ళ వివరాలున్న పటం బస్తీ సంఘం వద్దనే ఉండాలి. అధికారులకు ఇచ్చేది స్థలం, బాట, దీపం మాత్రమే చూపే పటం కావాలి. ఈ జాగ్రత్త చెప్పని శిక్షకుడు ఎంత ఉత్సాహవంతుడైనా బస్తీకి హితుడు కాడు.

సాధించిన తరువాత

పార్కు ప్రారంభోత్సవం నాటి పూలమాలలు వాడకముందే గేటుకు తాళం పడడం, ఆరుబయట అమర్చిన కసరత్తు పరికరాలు తుప్పు పట్టడం పట్టణవాసులకు పరిచితమైన దృశ్యాలే. నీటి కుళాయి, మరుగుదొడ్డి, దీపం, నీడ లేని చోటు స్త్రీలకు ఉపయోగపడదు. ఇవి మొదటి అంచనాలోనే చేరాలి. నిర్వహణలో బస్తీ సంఘానికి పర్యవేక్షణ ఇవ్వడం సమంజసం. ఊడ్చే పనిని మాత్రం 'ప్రజల భాగస్వామ్యం' అనే పేరుతో అక్కడి స్త్రీలపై ఉచితంగా మోపడం సమంజసం కాదు. సంపన్నుల కాలనీలో పార్కు ఊడ్చేది జీతం పుచ్చుకునే కార్మికుడు కదా.

ప్రభుత్వాల వైపు నుంచి ద్వారాలు కొన్ని తెరుచుకున్నాయి. 2015లో 500 పట్టణాలకు వర్తించేలా ప్రారంభమైన అమృత్ పథకం పిల్లలకు, వృద్ధులకు, వికలాంగులకు అనువైన పార్కులకు చోటు కల్పించింది. 2019 ఆగస్టు 29న ఫిట్ ఇండియా ఉద్యమం మొదలయింది. ఆటంకం లేని కాలిబాట జీవించే హక్కులో అంతర్భాగమని సుప్రీంకోర్టు 2025 మే నెలలో పేర్కొని, పాదచారుల సౌకర్యాలపై మార్గదర్శకాలు రూపొందించవలసిందిగా రాష్ట్రాలను ఆదేశించింది. వీటి ఫలం మొదట అందుకునేది అడగడం తెలిసిన పేటలే కావడం సహజం. అడగడం తెలియని పేటకు ఎవరు నేర్పాలన్నదే మిగిలిన ప్రశ్న.

తెలుగు రాష్ట్రాలలో ఇందుకు వేరే యంత్రాంగం నిర్మించనక్కరలేదు. పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ, అనగా మెప్మా, క్రింద ఉన్న స్వయం సహాయక సంఘాల స్త్రీలకు నెలనెలా సమావేశమై, తీర్మానం వ్రాసి, పద్దు చూసుకునే అలవాటు ఇప్పటికే ఉన్నది. బ్యాంకు అధికారి ముందు కూర్చుండి అప్పు గూర్చి మాట్లాడగలిగిన స్త్రీ టౌన్ ప్లానింగ్ అధికారి ముందు స్థలం గూర్చి మాట్లాడగలదు. ఆ సమావేశాలలో రెండు మూడింటిని వీధి నడకకు కేటాయించి, పొదుపు పుస్తకం పక్కన మరొక రిజిస్టరు తెరవవచ్చు. అందులో నాలుగు గడులు చాలు: ఏ స్థలం, ఏ తేదీన ఏ కార్యాలయంలో అర్జీ ఇచ్చినది, రశీదు నంబరు, మళ్ళీ ఎప్పుడు వెళ్ళాలి.